యుద్ధం అక్కడ... సెగ మన వంటింట్లో!

2022 ఫిబ్రవరి గుర్తుందా? రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి చొరబడిన కొద్ది వారాలకే ఇక్కడ సన్‌ఫ్లవర్ ఆయిల్ ప్యాకెట్ ధర భగ్గుమంది. "ఎక్కడో వాళ్ళు కొట్టుకుంటే మనకెందుకమ్మా ఈ వాత?" అనుకోని ఇల్లాలు ఉండదు.

కారణం లేకపోలేదు. అప్పట్లో మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే. యుద్ధంతో నల్లసముద్రం రేవుల్లో ఓడలు ఆగిపోయాయి. నూనెతోపాటు గోధుమలు, మొక్కజొన్నలు కూడా గోదాముల్లోనే ఉండిపోయాయి.

మనం ఎలాగో సర్దుకున్నాం. పూరీలు, గారెలు తగ్గించాం. మరి సోమాలియా తల్లుల సంగతి? అప్పట్లో ఆ దేశం కొనే గోధుమల్లో నూటికి తొంభై పాళ్ళు రష్యా, ఉక్రెయిన్‌లవే. పైగా అప్పటికే అక్కడ వానల్లేక కరువు. అలాంటిచోట ధర పెరిగితే పూటలే తగ్గిపోతాయి.

ఐక్యరాజ్యసమితి, టర్కీ పూనుకుని 2022 జూలైలో ఒప్పందం కుదిర్చాక ఓడలు కదిలాయి. ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నుల తిండిగింజలు, నూనెలు బయటికొచ్చాయి. 2023 జూలైలో రష్యా తప్పుకోవడంతో ఆ ఒప్పందమూ ముగిసింది.

గిన్నెలో అన్నం చాలనప్పుడు "నాకు ఆకలిగా లేదు" అనేది అమ్మే. యుద్ధనష్టం లెక్కకట్టేవాళ్ళు ఆమె పస్తులనూ రాసుకోవద్దూ?