'సరిహద్దు' ఎక్కడి మాట?

హైదరాబాదులో మియాపూర్ నుంచి పంజాగుట్టకు మెట్రోలో వెళితే దారిలో ఎర్రగడ్డ, అమీర్‌పేట స్టేషన్లు తగులుతాయి. ఈ మూడు పేర్లను విడదీసి చూడండి. ఎర్ర, గడ్డ రెండూ తెలుగే. అమీర్ అరబ్బీ మాట. పేట మన మాట. పంజా పర్షియన్, గుట్ట మనది. అంటే ఈ రెండు పేర్ల నడుమ భాషల సరిహద్దు ఉన్నదన్నమాట!

మరి ఈ 'సరిహద్దు' ఎక్కడిది? సరి, హద్దు కలిసి 'సరియైన హద్దు' అనుకుంటున్నారా? వినడానికి అలాగే ఉంటుంది. కాని హిందీలో ఈ మాట 'సర్‌హద్'. అక్కడ 'సరి' లేదు! పర్షియన్‌లో 'సర్' అంటే తల, కొస. సర్కారు, సర్దారు, సర్పంచ్ మాటల్లో ఉన్నది ఇదే. 'హద్ద్' అరబ్బీ మాట, అర్థం మేర. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కనుక దానికి చివర ఉకారం చేరింది. అరబ్బీ 'హక్క్' మనకు 'హక్కు' అయింది కదా, ఇదీ అంతే. 'సర్' చివర ఇకారం చేరి 'సరి' అయింది.

హద్దుకు మనకు సొంత మాట లేదా? ఉన్నది. అదే 'ఎల్ల'. తమిళంలో 'ఎల్లై', కన్నడంలో 'ఎల్లె' దీని చుట్టాలే. ఇక సంస్కృతం నుంచి 'సీమ' వచ్చింది. రాయలసీమ అన్నప్పుడు సీమ అంటే ప్రాంతం. చూశారా, హద్దు పేరు హద్దు లోపలి నేలకు అంటుకున్నది! తల వెంట్రుకలను రెండుగా విడదీసే పాపిట కూడా ఒక హద్దే. దానికి సంస్కృతంలో 'సీమంతం' అని పేరు. గర్భిణికి చేసే వేడుక పేరు అక్కడి నుంచే వచ్చింది.

జపాన్‌లో ఇంకో వింత. హద్దును తెలిపే అక్షరం చైనా నుంచి వచ్చింది. దానిని సొంత భాషలో 'సకాయ్' అనీ, చైనా ఉచ్చారణను బట్టి 'క్యో' అనీ చదువుతారు. ముందు 'దేశం' అక్షరం చేరిస్తే అది 'కొక్క్యో' కావచ్చు, 'కునిజకాయ్' కావచ్చు. మొదటిది ఎక్కువగా దేశాల సరిహద్దు. రెండవది పాతకాలపు సంస్థానాల నడుమ హద్దు. 1968లో నోబెల్ బహుమతి పొందిన కవబాత నవల 'మంచు దేశం' మొదటి వాక్యంలోనే ఈ జంట అక్షరాలున్నాయి. వాటిని ఎలా చదవాలని అక్కడ నేటికీ వాదించుకుంటారు.

వారికి అక్షరం ఒకటే, చదువులు రెండు. మనం పలికినట్టే రాస్తాం కనుక ఆ చిక్కు లేదు. కాని మాట పుట్టుక రాతలో కనబడదు. అందుకే 'సరి' దగ్గర మోసపోతాం. మోసపోకుండా ఉండాలంటే రెండు పనులు చేయాలి. ఆ ముక్క ఇంకే మాటల్లో ఉన్నదో వెతకాలి. పొరుగు భాషల్లో దాని రూపమేదో చూడాలి.

ఇక మీరే ప్రయత్నించండి. సరిజోడు, సరంజామా. వీటిలో పర్షియన్ 'సర్' దేనిలో ఉన్నది?