మీకు తెలుసా? ఆపరేషన్ తర్వాత ఆకలి ఎందుకు వేయదు?

బరువు తగ్గించే స్లీవ్ సర్జరీలో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి వారాల్లో చాలామందికి ఆకలే అనిపించదు. అసలు కష్టం నీళ్లతోనే! గటగటా తాగేందుకు లోపల చోటుండదు కాబట్టి రోజంతా కొద్దికొద్దిగా చప్పరిస్తూనే ఉండాలి. కారం లేని పప్పుకట్టు, పలుచటి మజ్జిగ, డాక్టరు చెప్పిన ప్రొటీన్ పొడి, ఆ రోజులకు ఇవే ఆసరా. చూడవచ్చిన బంధువులు “ఒక్క ముద్దేగా, తిను” అనేది ప్రేమతోనే. కానీ కుట్లు ఇంకా మానని పొట్టకు ఆ ముద్ద ప్రమాదం. దయచేసి బలవంతపెట్టకండి.

మూడో నెల ప్రాంతంలో జుట్టు రాలితే బెంబేలు పడొద్దు, చాలామందికి మళ్లీ వస్తుంది. వాంతులు ఆగకపోతే మాత్రం ఉపేక్షించకూడదు. ఒంట్లో విటమిన్ బీ1 నిల్వలు కొద్ది వారాల్లోనే అడుగంటి మెదడు, నరాలు దెబ్బతినొచ్చు. జ్వరం, కడుపునొప్పి, కదలకుండా కూర్చున్నా గుండెదడ ఉంటే కుట్ల దగ్గర లీకేజీ కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.