వాహన రేడియోకు యాంప్లిఫయర్: పెరిగేది స్వరమే, వినికిడి కాదు

(ప్రత్యేక వ్యాసం)

సెల్‌ఫోన్ టవర్లు మూగబోయిన వేళ వాహనంలోని చిన్న రేడియో సెట్టు విలువ ఎంతటిదో కోస్తా జిల్లాల అధికారులకు వేరుగా చెప్పనవసరం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకిన తరువాత నగరంలో విద్యుత్తుతో పాటు ఫోన్ల వ్యవస్థ కూడా స్తంభించిపోయింది. అంతకు ముందు తరానికి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తుంటుంది. అక్కడ జరిగిన ఘోరం బయటి ప్రపంచానికి తెలియడానికే కాలం పట్టింది. ఇటువంటి అనుభవాల నేపథ్యంలో సహాయక బృందాలు, స్వచ్ఛంద సేవకులు, వాహన శ్రేణులుగా ప్రయాణించేవారు సిటిజన్ బ్యాండ్ రేడియో సెట్లపై ఆసక్తి చూపడం సహజమే. ఆ ఆసక్తి వెంటనే మరొక ఆలోచన కూడా తలెత్తుతుంది. సెట్టు శక్తి నాలుగైదు వాట్లే కదా, దానికొక చిన్న యాంప్లిఫయర్ తగిలిస్తే మాట మరింత దూరం వెళ్లదా? ఈ ప్రశ్నకు సాంకేతికంగానూ, చట్టపరంగానూ ఉన్న సమాధానాన్ని పాత్రికేయులు, అధికారుల అవగాహన నిమిత్తం ఇక్కడ వివరించడమైనది.

సిటిజన్ బ్యాండ్ అనగా 27 మెగాహెర్ట్జ్ పరిసరాలలోని తరంగాలు. ఒక్కొక్క తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. సామాన్య ప్రజలు పరీక్షలేవీ లేకుండా దగ్గరి దూరాలలో మాట్లాడుకునేందుకు ఉద్దేశించినవి కనుక వీటి శక్తిని మొదటి నుంచి తక్కువ స్థాయిలోనే ఉంచారు. భారతదేశంలో 2005లో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు గల భాగంలో 5 వాట్ల ప్రభావ వికిరణ శక్తికి మించని పరికరాలకు లైసెన్సు నుంచి మినహాయింపు లభించింది. 'ప్రభావ వికిరణ శక్తి' అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసి ఉంది. సెట్టు వెనుక ముద్రించిన వాట్లను గాక, ఏరియల్ బలిమి కూడా కలుపుకొని గాలిలోకి వెళ్లే శక్తిని ఇది సూచిస్తుంది. కాబట్టి యాంప్లిఫయర్ ఎంత చిన్నదైనప్పటికీ, 5 వాట్ల గీత దాటిన క్షణంలోనే మినహాయింపు పోతుంది. అప్పటి వరకు లైసెన్సు అవసరం లేని సెట్టు, అప్పటి నుంచి లైసెన్సు లేని సెట్టు అవుతుంది. రెండింటికీ చాలా దూరం ఉంది.

పైగా ఈ మినహాయింపు షరతులతో కూడినది. ఇతరులకు అంతరాయం కలిగించరాదు, ఇతరుల వల్ల తనకు అంతరాయం కలిగితే రక్షణ కోరరాదు, తరంగాలను అందరితో పంచుకోవలసిందే. అంతరాయంపై ఫిర్యాదు వస్తే శక్తి తగ్గించమనో, పరికరం స్థానం మార్చమనో ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది.

ఇక అసలు లాభం ఎంత? విక్రేతలు 'వంద వాట్లు' అని రాసే పెట్టెను ఉదాహరణగా తీసుకుందాం. ఆ వంద వాట్లు తరచుగా మాట ఉచ్ఛస్థాయిలో ఉన్నప్పటి శిఖర శక్తి మాత్రమే. సిటిజన్ బ్యాండ్‌లో ఎక్కువగా వాడే ఎ.ఎం. పద్ధతిలో శిఖరం వంద ఉంటే, నిలకడగా వెలువడే వాహక తరంగం 25 వాట్లే. అంటే 4 వాట్ల సెట్టు 25 వాట్లకు, రమారమి ఆరు రెట్లకు పెరిగిందన్నమాట. వినడానికి ఇది పెద్ద సంఖ్యే. కానీ అవతలి సెట్టులోని సంకేత బలం చూపే ఎస్-మీటరు ముల్లు ఒక్క గడి కదలాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి. ఆరు రెట్లకు ముల్లు కదిలేది ఒకటింబావు గడి. దూరం లెక్క ఇంకా నిరుత్సాహకరం. రోడ్డు మీద రెండు వాహనాల మధ్య నేలను అంటిపెట్టుకొని సాగే తరంగం దూరంతో పాటు వేగంగా క్షీణిస్తుంది. స్థూలంగా చెప్పాలంటే దూరం రెట్టింపు కావాలంటే శక్తి పదహారు రెట్లు కావాలి. ఈ లెక్కన 5 కిలోమీటర్లు వినిపించే మాట ఆరు రెట్ల శక్తితో 8 కిలోమీటర్ల వరకు వినిపించవచ్చు. మధ్యలో కొండో, భవనాల వరుసో ఉంటే ఆ మూడు కిలోమీటర్లకు కూడా పూచీ లేదు.

ఆ మూడు కిలోమీటర్లు కూడా ఒకవైపే అన్నది మరింత ముఖ్యమైన విషయం. గ్రామసభలో వేదిక మీది వారికి మైకు ఉండి, వెనుక వరుసలోని రైతుకు లేకపోతే ఏమవుతుందో అందరికీ అనుభవమే. అధికారి మాట అందరికీ వినిపిస్తుంది, రైతు ప్రశ్న మాత్రం వేదికకు చేరదు. యాంప్లిఫయర్ చేసే పని సరిగ్గా ఇదే. అది పంపే మాటను పెంచుతుంది, వచ్చే మాటను పెంచదు. 8 కిలోమీటర్ల దూరంలో 4 వాట్ల సెట్టు పట్టుకున్న సేవకుడికి మన పిలుపు వినిపిస్తుంది, అతని జవాబు మనకు వినిపించదు. జవాబు రాలేదని మనం మళ్లీ మళ్లీ పిలుస్తాం. ఆ పిలుపుల కింద దగ్గరలోని మరొకరి మాట అణగిపోతుంది. రేడియో ఔత్సాహికుల పరిభాషలో ఇటువంటి స్టేషనుకు 'ఎలిగేటర్', అంటే మొసలి అని పేరు. నోరు పెద్దది, చెవులు చిన్నవి అని భావం. విపత్తు సమయంలో పిలిచేవారికన్నా వినేవారే ఎక్కువ అవసరం అన్న సంగతి కంట్రోల్ రూములలో రాత్రి విధులు నిర్వహించినవారికి తెలుసు.

మాట అర్థమయ్యే దూరం 8 కిలోమీటర్లయితే, ఆ సంకేతం ఇతరులను ఇబ్బంది పెట్టే దూరం అక్కడితో ఆగదు. ఎ.ఎం. పద్ధతిలో రెండు వాహక తరంగాలు కలిసినప్పుడు రిసీవరులో ఈల వంటి ధ్వని పుడుతుంది. మాట అందనంత దూరంలో సైతం ఆ ఈల అందుతుంది, అక్కడివారి సంభాషణను పాడుచేస్తుంది. అంతేకాదు, సూర్యుని కార్యకలాపాలు ఉద్ధృతంగా ఉండే సంవత్సరాలలో 27 మెగాహెర్ట్జ్ తరంగాలు అయనావరణాన్ని తాకి వేలాది కిలోమీటర్ల దూరంలో దిగుతాయి. అనుకున్న గ్రామానికి చేరని మాట అక్కరలేని దేశానికి చేరడం ఇందులోని విచిత్రం.

చవకరకం యాంప్లిఫయర్లలో మరొక లోపం ఉంది. వాటిలో చాలావాటికి తగిన వడపోత వలయం ఉండదు. అందువల్ల అసలు తరంగంతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలలో కూడా కొంత శక్తి వెలువడుతుంది. సిటిజన్ బ్యాండ్‌ను నాలుగుతో గుణిస్తే 108 మెగాహెర్ట్జ్ పరిసరాలకు వస్తాం. అక్కడికి ఎఫ్.ఎం. ప్రసారాల హద్దు ముగిసి, విమానాలు రన్‌వే వరుసను గుర్తించి దిగడానికి తోడ్పడే సంకేతాల శ్రేణి మొదలవుతుంది. వాహనంలోని ఒక పెట్టె విమానాన్ని దారి తప్పిస్తుందని చెప్పడం అతిశయోక్తే కావచ్చు. అయితే విమానాశ్రయ రహదారిపై వడపోత లేని యాంప్లిఫయర్‌ను నడపడం ఏ ప్రభుత్వమూ ఉపేక్షించదగిన విషయం కాదు.

వాహనం లోపలి సంగతి కూడా చూడవలసి ఉంది. వంద వాట్ల శిఖరం వెలువరించే పెట్టె రమారమి రెండు వందల వాట్లు బ్యాటరీ నుంచి లాగుతుంది. అంటే సుమారు 15 ఆంపియర్ల విద్యుత్తు. సిగరెట్ లైటరు సాకెట్టుకు సాధారణంగా ఉండే ఫ్యూజు 10 నుంచి 15 ఆంపియర్లది. ఫ్యూజు పోతోందని దాని స్థానంలో రాగితీగ చుట్టే అలవాటు మన మెకానిక్ షెడ్లలో లేదని ఎవరూ అనలేరు. సన్నని తీగలు కార్పెట్టు కింద వేడెక్కి అంటుకుంటే ఆ సహాయక వాహనానికే సహాయం పంపవలసి వస్తుంది. దీనికితోడు ఏరియల్ సరిగా కుదరకపోతే పంపిన శక్తిలో కొంత వెనక్కి తిరుగుతుంది. స్టాండింగ్ వేవ్ నిష్పత్తి 3 ఉంటే నాలుగో వంతు శక్తి ఇలా వెనుదిరుగుతుంది. నాలుగు వాట్ల సెట్టు దానిని ఓర్చుకుంటుంది గానీ, యాంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టరు చాలాసార్లు ఓర్చుకోదు.

ఈ వ్యవహారం అమెరికాలో దశాబ్దాల క్రితమే నడిచింది. అక్కడ 1958లో 27 మెగాహెర్ట్జ్ తరంగాలను ప్రజలకు కేటాయించారు. 1973 నాటి చమురు సంక్షోభం, ఆ వెంటనే 1974లో వచ్చిన గంటకు 55 మైళ్ల వేగ పరిమితి లారీ డ్రైవర్లను ఈ రేడియోల వైపు మళ్లించాయి. ఇంధనం ఎక్కడ దొరుకుతుందో, పోలీసులు ఎక్కడ కాపు కాశారో ఒకరికొకరు చెప్పుకునేవారు. రద్దీ తట్టుకోలేక 1977లో చానళ్లను 23 నుంచి 40కి పెంచవలసి వచ్చింది. గోల పెరిగేకొద్దీ ఒకరిని మించి ఒకరు యాంప్లిఫయర్లు తగిలించారు. చివరికి 1978లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ బ్యాండులో పనిచేయగల యాంప్లిఫయర్ల తయారీ, విక్రయాలపైనే ఆంక్షలు విధించింది. 1983లో వ్యక్తిగత లైసెన్సులను ఎత్తివేసినా, 2021లో ఎఫ్.ఎం. పద్ధతిని అనుమతించినా, ఎ.ఎం.లో 4 వాట్ల పరిమితిని మాత్రం సడలించలేదు. యాంప్లిఫయర్ వాడితే సెట్టు నడిపే హక్కే పోతుందన్నది అక్కడి నియమం. అక్కడి 4 వాట్లు సెట్టు నుంచి వెలువడే శక్తికి, ఇక్కడి 5 వాట్లు ప్రభావ వికిరణ శక్తికి సంబంధించినవి. రెండింటినీ పోల్చి రాసే పాత్రికేయ మిత్రులు ఈ తేడాను గమనించగలరు.

దూరం నిజంగా అవసరమైతే చేయదగిన పని ఏమిటన్నది అసలు ప్రశ్న. లైసెన్సు పొందిన వాహన సెట్లు వాడే శాఖల విషయంలో సమాధానం చాలావరకు ఏరియల్‌లోనే ఉంది. బంపరు పక్కన వంగి ఉన్న ఏరియల్‌ను వాహనం కప్పు మధ్యకు మార్చడం, దాని అడుగుభాగం లోహపు కప్పుతో గట్టిగా కలిసేలా చూడడం, నీరు చేరి పాడైన కేబులును మార్చడం, స్టాండింగ్ వేవ్ నిష్పత్తిని ఒకటిన్నరకు లోపల నిలపడం వంటివి పెద్ద ఖర్చు లేని పనులు. 27 మెగాహెర్ట్జ్‌లో పావు తరంగపు ఏరియల్ పొడవు దాదాపు 2.75 మీటర్లు. దాని బదులు మీటరు పొడవు తీగకు చుట్ట చేర్చి వాడితే సౌకర్యం ఉంటుంది గానీ, కొంత శక్తి ఆ చుట్టలోనే వేడిగా పోతుంది. మంచి ఏరియల్ ప్రత్యేకత ఏమంటే, అది పంపే మాటకూ వచ్చే మాటకూ సమానంగా ఉపకరిస్తుంది. వాహనాన్ని వంతెన మీదనో, కాలువ గట్టు మీదనో నిలిపి మాట్లాడడం యాంప్లిఫయర్ కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు.

అధిక శక్తితో దూర ప్రాంతాలకు మాట్లాడేందుకు చట్టబద్ధమైన మార్గం అమెచ్యూర్ రేడియో, వాడుకలో హామ్ రేడియో. పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందినవారు అందులో నిర్దేశించిన పరిమితి మేరకు యాంప్లిఫయర్లు వాడవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం 2004 డిసెంబరులో ప్రత్యేక ప్రసారాల నిమిత్తం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న సమయంలోనే 26వ తేదీన సునామీ సంభవించింది. ఆ బృందం తన కార్యక్రమాన్ని పక్కనపెట్టి అండమాన్ దీవుల నుంచి ప్రధాన భూభాగానికి క్షేమ సమాచారాలను చేరవేసింది. వారి చేతిలో ఉన్నది శక్తిగల సెట్టు మాత్రమే కాదు, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకొని వినాలో తెలిసిన శిక్షణ కూడా. జిల్లా విపత్తు ప్రణాళికలు రూపొందించే అధికారులు తమ పరిధిలోని లైసెన్సు గల హామ్ ఆపరేటర్ల జాబితాను ముందుగానే సిద్ధం చేసుకోవడం మేలు.

అధికార పరిధి విషయంలో ఒక స్పష్టత అవసరం. రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు ప్రకారం వైర్‌లెస్ కేంద్ర జాబితాలోని అంశం. అందుచేత కలెక్టరు గానీ, రాష్ట్ర ప్రభుత్వ శాఖ గానీ ఎంతటి అత్యవసరంలోనైనా తమంతట తాము యాంప్లిఫయర్ వినియోగానికి అనుమతి ఇవ్వజాలరు. తరంగాల కేటాయింపు, లైసెన్సులు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం పరిధిలోనివి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టాల స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం సైతం అనుమతి లేని రేడియో పరికరాలపై చర్యలకు వీలు కల్పిస్తున్నది. ఆన్‌లైన్ దుకాణాలలో వాకీటాకీలు తదితర రేడియో పరికరాలను అక్రమంగా అమ్మకానికి ఉంచడాన్ని అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో మార్గదర్శకాలు జారీ చేసింది. 'ఆన్‌లైన్‌లో దొరికింది కనుక అనుమతి ఉన్నట్లే' అన్న వాదన చెల్లదు.

వార్తలు రాసే సందర్భంలో సిటిజన్ బ్యాండ్, వాకీటాకీ, హామ్, పోలీసు వైర్‌లెస్ అనే నాలుగు మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడడం తరచుగా జరుగుతున్నది. ఒక్కొక్కదాని తరంగాలు, నిబంధనలు, లైసెన్సులు వేరు. పట్టుబడిన పరికరం ఏదో నిర్ధారణ అయ్యేవరకు 'రేడియో పరికరం' అని రాయడం క్షేమం. తమ సెట్లలో అంతరాయం గమనించిన ప్రభుత్వ శాఖలు తేదీ, సమయం, పౌనఃపున్యం, ప్రదేశం నమోదు చేసి కేంద్ర వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయవలసి ఉంటుంది. వినిపించిన మాటల సారాంశాన్ని కూడా జతచేసినచో స్టేషనును గుర్తించడం సులభమవుతుంది.