నేలలో దాగిన వేసవి

1837వ సంవత్సరమున ఎడింబరో నగరమందలి కాల్టన్ గుట్టపై జేమ్స్ ఫోర్బ్స్ అను శాస్త్రజ్ఞుడు 3, 6, 12, 24 ఫ్రెంచి అడుగుల లోతులయందు నాలుగు ఉష్ణమాపకములను పాతించి, వాని పొడవైన గాజునాళములు నేలపైకి కనబడునట్లు నిలిపి, ఏండ్ల తరబడి వాని అంకెలను వ్రాయించెను. ఉపరితలమున జూలై మాసమందు ఉచ్చస్థితి నందిన వేడిమి మెల్లమెల్లగా క్రిందికి దిగి, దిగినకొలది క్షీణించి, 24 అడుగుల లోతునకు జనవరి ప్రాంతమున గాని చేరలేదు; పైన మంచు కురియు దినములలో అడుగున వేసవి నడచుచుండెనన్నమాట. అచటి వేసవికిని చలికాలమునకును గల వ్యత్యాసము మిక్కిలి స్వల్పము. ఇంకను లోతునకు పోయినచో ఋతువులే లేవు. ఆ ప్రదేశపు సాంవత్సరిక సగటుకు చేరువగానున్న ఒకే వేడిమి నిత్యముగా నిలిచియుండును. మన లోతుబావుల నీరు వైశాఖమున చల్లగాను పుష్యమున గోరువెచ్చగాను తోచుటకు ఇదియే హేతువు: మాఱునది పైగాలియే గాని నీరు కాదు.

ఫోర్బ్స్ సేకరించిన అంకెలను 1860లో గణితముచే పరిశోధించినవాడు విలియం థామ్సన్, అనగా తరువాతి కెల్విన్ ప్రభువు. ఉష్ణయంత్రమును విలోమముగా నడపి భవనములను వెచ్చబఱచవచ్చుననియు చల్లబఱచవచ్చుననియు 1852లోనే ప్రతిపాదించినవాడును ఆయనయే. ఒకే మేధస్సునందు ప్రక్కప్రక్కన నున్న ఈ రెండు భావములను జోడించి, నేలనుండియే వేడిని తోడు యంత్రమునకు స్విట్జర్లాండులో హైన్రిక్ జోలీ పేటెంటు పొందుట 1912వ సంవత్సరపు మాట. విజ్ఞానచరిత్రలో ఇట్టి ఆలస్యములు నన్ను ఎల్లప్పుడును విస్మయపఱచును.

యంత్రమున మర్మమేమియు లేదు. మన యింటి ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనుకవైపునకు ఎట్లు విసర్జించునో, ఇదియు అట్లే నేలలోని వేడిని లాగి ఇంటిలో విడుచును. స్వీడన్ దేశపు ఇంటి పెరటిలో నూఱు, నూట ఏబది మీటర్ల బోరు త్రవ్వి, అందు వంపు తిరిగిన పాలిథీన్ గొట్టమును దింపి, గడ్డకట్టకుండుటకై ఆల్కహాలు కలిపిన నీటిని ప్రవహింపజేయుదురు. సున్న డిగ్రీల సమీపమున దిగిన ఆ ద్రవము రెండు మూడు డిగ్రీలు వేడెక్కి పైకి వచ్చును. అంత స్వల్పమైన వేడికే మఱిగి ఆవిరియగు వేఱొక ద్రవము యంత్రమున నుండగా, కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి అధికోష్ణము గావించును. ఆ ఉష్ణము గచ్చు క్రింది గొట్టముల నీటికి సంక్రమించును. విద్యుత్తు వేడిని పుట్టించుటకు గాక మోయుటకు మాత్రమే వ్యయమగుటవలన, ఒక యూనిట్ విద్యుత్తునకు మూడు నాలుగు యూనిట్ల వేడి లభించును. 1973 నాటి చమురు సంక్షోభము పిమ్మట స్వీడను ప్రజలు ఈ మార్గమును ఉత్సాహముతో అవలంబించిరి. వేసవిలో కంప్రెసర్‌ను ఆపి, బోరునందలి చల్లదనమునే ఇంటిలోనికి పంపుటయు కలదు.

స్వీడనులో వలెనే తెలంగాణములో అధికభాగము క్రిందనున్నదియు ప్రాచీనమైన గ్రానైటు శిలయే. పొడిమట్టికంటె అది వేడిని బాగుగా ప్రసరింపజేయును. అయినను స్టాక్‌హోముయొక్క సాంవత్సరిక సగటు 7, 8 డిగ్రీలు కాగా హైదరాబాదుది సుమారు 27. అందుచే మన నేలనుండి నేరుగా చల్లదనమును గ్రహించుట సాధ్యము గాదు, కంప్రెసర్ నడువవలసినదే. కాని ఇంటిలోని వేడిని 42 డిగ్రీల వెలుపలి గాలిలోనికి త్రోయుటకంటె 27 డిగ్రీల రాతిలోనికి త్రోయుట సులభమగుటచే విద్యుత్తు మిగులును.

చిక్కు వేఱొకచోట నున్నది. స్వీడనులో చలికాలమున తీసికొనిన వేడిని వేసవి కొంతవఱకు తిరిగి నింపును. మనము ఏడాదిలో అధికభాగము నేలకు వేడి నిచ్చుటయే గాని పుచ్చుకొనుట లేదు. ఇచ్చిన వేడి వెంటనే వ్యాపింపక బోరు చుట్టును పేరుకొని, ఏండ్లు గడచినకొలది యంత్రముయొక్క సామర్థ్యమును హరించును. కావున మన దేశమున దీనిని పరీక్షింప దలచువారు ఒంటరి గృహములను విడిచి, వేడినీరు నిత్యము కావలసిన ఆసుపత్రులను, విద్యార్థి వసతిగృహములను ఎన్నుకొనుట మేలు. గదులనుండి తొలగించిన వేడిలో కొంత స్నానజలమునకు మళ్లినచో, నేలకు చేరునది ఆ మేరకు తగ్గును.