కొనువారి విభజన: అపోహలు – వాస్తవములు

వ్యాపారులు కొనువారిని వర్గములుగా విభజింతురను మాట చెవిని పడినంతనే పెక్కుమందికి మనసున మెదలునది ధనికులు, మధ్యతరగతివారు, బీదలు అను మూడంతస్తుల మేడ. సంస్థలు ఆదాయమును బట్టియే మనుష్యులను వేఱుపఱచుననియు, ధనికునకు పెద్ద సీసాను, బీదవానికి చిన్న పొట్లమును ముందే నిర్ణయించి యుంచుననియు గల ఈ నమ్మకము అపోహలలోకెల్ల మొండిది. ఏలయన అందు కొంత నిజము కలదు. కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ షాంపూను పొట్లములలో నింపిన తొలివారిలో ఒకరు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో ప్రారంభించిన చిక్ షాంపూ, సీసా కొనజాలని పల్లెవాసులను తలచుకొనియే వెలసినది.

కాని కిరాణాకొట్టు గుమ్మమున తోరణమువలె వ్రేలాడు ఆ పొట్లముల దండచెంత కొంతసేపు నిలిచి చూడుడు. కూలిపని ముగించుకొని వచ్చిన యువతి ఒకటి త్రుంపించుకొని పోవును. ఆమె వెనుకనే, ఇంట పెద్ద సీసాయే గల ఉపాధ్యాయుడు మఱునాటి తిరుపతి ప్రయాణమునకై నాలుగు అడుగును (తలనీలాలు ఇచ్చు మ్రొక్కు లేదు కాబోలు). పొట్లము ఒక్కటే, అక్కఱలు రెండు. ఇంట నున్నంతసేపు ఒక వర్గమున నుండు ఉపాధ్యాయుడు రైలెక్కగానే మఱియొక వర్గమున చేరుచున్నాడు. ఎఱిగిన వ్యాపారి విభజించునది ఆ అక్కఱలను.

ఆదాయముతో పొత్తులేని విభజనకు తేనీరు చక్కని తార్కాణము. ఉత్తరాదివారు కోరునది ఆకు టీ. మన హోటళ్ళలో గుడ్డసంచినుండి చిక్కగా ఎఱ్ఱగా దిగునది డస్టు టీ. వారు అంగడిలో చాయ్ పత్తీ, అనగా ఆకు, అడుగుదురు. లక్షాధికారియైనను మనవాడు అడుగునది టీపొడియే. ఇచ్చట గీత భాషలోనే కనబడుచున్నది, వ్యాపారి దానివెంట నడచెను.

ఈ విభజన యంతయు కంప్యూటర్లు తెచ్చిన విద్య యనుకొనువారును కలరు. 1956లో మార్కెటింగ్ పండితుడు వెండెల్ స్మిత్ వ్రాసిన వ్యాసముతో ఈ పద్ధతి శాస్త్రమున కుదురుకొన్నది గాని, ఆచారము అంతకంటె పాతది. ఫోర్డు సంస్థ 1914 మొదలు 1925 వఱకు మోడల్ టి కారును ఒక్క నలుపు రంగులోనే అమ్ముచుండగా, జనరల్ మోటార్స్‌లో ఆల్ఫ్రెడ్ స్లోన్ షెవ్రొలే మొదలు కాడిలాక్ దాక ధరలను మెట్లుమెట్లుగా అమర్చి, 1920ల దశకము ముగియకుండనే తన సంస్థను ఫోర్డుకంటె ముందు నిలిపెను.

చౌకగా చేసినచో చౌక కోరువారు తామై వత్తురను లెక్కయు నిలువలేదు. స్కూటరుపై భార్యాబిడ్డలతో పోవు గృహస్థునికై తలపెట్టిన నానో, 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చి, 2018లో ఆగిపోయెను. కారణములు పెక్కు, వానిలో ‘చౌక కారు’ అను ముద్ర చిన్నది కాదు. మనవాడు కారు కొనుట వీధివారందఱు చూచుటకు కూడ గదా!

ఇక తుది అపోహ, ఈ తరగతులన్నియు మన సౌకర్యమునకే ఏర్పడినవనుట. ఫ్రెంచి ఇంజనీరు జూల్ ద్యుపుయి 1849లోనే దీని గుట్టు విప్పెను: రైళ్ళలో మూడవ తరగతి పెట్టెలకు పైకప్పు వేయకుండుట కప్పు ఖర్చునకు జడిసి కాదట, రెండవ తరగతి టిక్కెట్టు కొనగలవారు మూడవదానిలోనికి దిగిరాకుండుటకట. ధనికుని బెదరించుటకై బీదవాడు వానలో తడిసెనన్నమాట. మన దేశమున మూడవ తరగతి 1974లో తొలగినది. అయినను చౌక టిక్కెట్టుతో విమానమెక్కి, మోకాళ్ళు ముందు కుర్చీకి గ్రుచ్చుకొనునపుడెల్ల నాకు ఆ కప్పులేని పెట్టెలే స్ఫురించును.