ప్రయాణానికి డిజిటల్ కెమెరా, మెమరీ కార్డు: కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు

కాలేజీ విజ్ఞానయాత్రకో, ప్రాజెక్టు పనికో, సెలవుల్లో కుటుంబమంతా కలిసి వెళ్ళే ప్రయాణానికో ఒక మంచి కెమెరా ఉంటే బాగుంటుందని పిల్లలు అడుగుతారు. "ఫోనులో కెమెరా ఉంది కదా, మళ్ళీ ఇంకొకటి ఎందుకు?" అని పెద్దలు అంటారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. ఇంటి ఖర్చుల్లోంచి మిగిల్చిన డబ్బుతో కొనే వస్తువు కాబట్టి, దుకాణానికి వెళ్ళే ముందే కొన్ని విషయాలు తెలుసుకోవడం మంచిది.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. కెమెరా పాడైతే ఎప్పటికైనా మరొకటి కొనుక్కోవచ్చు. కానీ మూడు నాలుగు తరాల కిందట మన పెద్దలు విడిచి వచ్చిన ఊరికి వెళ్ళి, అక్కడి పాత ఇంటి ముందు తాతగారిని కూర్చోబెట్టి తీసిన ఫొటో పోతే దానిని ఏ దుకాణంలోనూ కొనలేము. ఆ ఫొటో ఉండేది గోరంత మెమరీ కార్డులో. అందువల్ల కెమెరా ఎంపికకు ఎంత శ్రద్ధ పెడతామో కార్డు ఎంపికకూ అంత శ్రద్ధ పెట్టాలి.

అసలు కెమెరా అవసరమా?

జపాన్‌లోని కెమెరా తయారీ సంస్థల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచ మార్కెట్‌కు పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైమాటే. 2023లో ఆ సంఖ్య 80 లక్షలకు లోపే. ఈ తేడాకు ముఖ్య కారణం సెల్‌ఫోను. చవక రకం చిన్న కెమెరాలు చేసే పనిని ఫోనులే చేస్తున్నందువల్ల పెద్ద సంస్థలు ఆ రకాలను చాలావరకు మానుకున్నాయి.

పగటి వెలుతురులో స్నేహితుల ఫొటోలు, బోర్డు మీది నోట్సు, భవనాలు, బజార్లు వంటివి తీయడానికి ఒక మాదిరి ఫోను సరిపోతుంది. అంతవరకే అవసరమైతే కెమెరా కొనవద్దు. ఆ డబ్బు మరో పనికి వస్తుంది. దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపవలసినప్పుడు, వెలుతురు తక్కువగా ఉన్నచోట పని చేయవలసినప్పుడు, రోజంతా వందల కొద్దీ ఫొటోలు తీయవలసినప్పుడు కెమెరా అవసరమవుతుంది. మూడవ సందర్భంలో బ్యాటరీ సంగతి కూడా చూడాలి. ఫోను బ్యాటరీ అయిపోతే ఇంటికి ఫోను చేయడం కూడా కుదరదు. కెమెరాకైతే జేబులోని రెండో బ్యాటరీ వేసుకోవచ్చు.

మెగాపిక్సెల్స్ లెక్క

దుకాణంలో మొదట చెప్పే అంకె మెగాపిక్సెల్స్. ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. ఈ లెక్కన 6 x 4 అంగుళాల ఫొటోకు 1800 x 1200, అంటే సుమారు 22 లక్షల చుక్కలు కావాలి. ఇది రెండు మెగాపిక్సెల్స్ కంటే కొంచెం ఎక్కువ. ఎ4 కాగితం నిండుగా ప్రింటు వేసినా తొమ్మిది మెగాపిక్సెల్స్‌కు మించి అవసరం లేదు. ఇప్పుడు దొరికే కెమెరాల్లో దాదాపు అన్నింటిలో ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. కాబట్టి 20 ఉన్నదానికీ 24 ఉన్నదానికీ మధ్య తేడా కోసం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు.

చూడవలసినవి సెన్సారు, లెన్సు

వెలుతురును పట్టి చిత్రంగా మార్చే భాగం సెన్సారు. చిన్న కెమెరాల్లో ఎక్కువగా వాడిన 1/2.3 అంగుళం రకం సెన్సారు కొలత సుమారు 6.2 x 4.6 మిల్లీమీటర్లు. "ఒక అంగుళం" రకం 13.2 x 8.8 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యంలో దానికి నాలుగు రెట్లు. లెన్సు మార్చుకునే కెమెరాల్లో ఉండే ఎ.పి.ఎస్.-సి. రకం ఇంకా పెద్దది, సుమారు 23.5 x 15.6 మిల్లీమీటర్లు. సెన్సారు పెద్దదయ్యే కొద్దీ మసక వెలుతురులో కూడా చిత్రం శుభ్రంగా వస్తుంది. కెమెరా బరువు, ధర కూడా ఆ మేరకు పెరుగుతాయి.

ఎక్కడికి వెళ్తున్నామో దానిని బట్టి ఎంపిక మారుతుంది. మహారాష్ట్రలోని అజంతా గుహల్లో వెలుతురు చాలా తక్కువ. వర్ణచిత్రాలకు హాని కలగకుండా అక్కడ ఫ్లాష్ వాడకాన్ని నిషేధించారు. అటువంటి చోట పెద్ద సెన్సారుతోపాటు ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే లెన్సు ఉండాలి. లెన్సు మీద ఎఫ్/1.8 అని ఉంటే, ఎఫ్/3.5 అని ఉన్నదానికంటే దాదాపు నాలుగు రెట్లు వెలుతురు వస్తుంది. ఈ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది.

యానానికి దగ్గరలోని కోరింగ మడ అడవుల్లో పక్షులను తీయాలంటే జూమ్ ముఖ్యం. ఇక్కడ ఆప్టికల్ జూమ్ అంకెనే చూడండి. అది లెన్సు నిజంగా చేసే పని. డిజిటల్ జూమ్ అనేది తీసిన చిత్రంలో మధ్య ముక్కను కత్తిరించి పెద్దది చేయడం మాత్రమే. ఆ పని ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లోనూ చేసుకోవచ్చు.

హంపి మండపాలు గానీ, సుమారు 60 మీటర్ల ఎత్తున్న తంజావూరు బృహదీశ్వరాలయ విమానం గానీ ఒకే చిత్రంలో పట్టాలంటే వెడల్పుగా చూసే లెన్సు కావాలి. 24 మిల్లీమీటర్లు లేదా దానికి సమానం అని రాసి ఉంటే మంచిది. జూమ్ ఎంత ఉందో చూసినట్టే ఈ చిన్న అంకెనూ చూడండి.

బీరువాలో పాత కెమెరా ఉంటే

చాలా ఇళ్ళలో 2000 తర్వాత కొన్న చిన్న డిజిటల్ కెమెరా ఒకటి ఇంకా ఉంటుంది. మొదటిసారి నేర్చుకునే పిల్లలకు అది ఎంతో మేలు. అయితే దానికి ఏ కార్డు పడుతుందో ముందు చూసుకోవాలి. సోనీ పాత కెమెరాల్లో మెమరీ స్టిక్, ఒలింపస్, ఫ్యూజీ పాత కెమెరాల్లో ఎక్స్‌డి కార్డు వాడేవారు. ఎక్స్‌డి కార్డు 2 జి.బి.కి మించి రాలేదు. ఇటువంటివి కొత్తవి దొరకడం కష్టం.

మిగిలిన వాటిలో ఎక్కువ భాగం ఎస్.డి. కార్డు తీసుకునేవే. ఇందులోనూ తరాలు ఉన్నాయి. మొదటి తరం ఎస్.డి. సాధారణంగా 2 జి.బి. వరకే. 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. 32 జి.బి. వరకు, 2009లో ప్రకటించిన ఎస్.డి.ఎక్స్.సి. 2 టి.బి. వరకు ఉంటాయి. మూడూ చూడడానికి ఒకే ఆకారం. కొత్త కెమెరాలో పాత కార్డు పని చేస్తుంది గానీ, పాత కెమెరాలో కొత్త తరం కార్డు పని చేయకపోవచ్చు. 2005లో కొన్న కెమెరా కోసం 64 జి.బి. కార్డు కొంటే చాలావరకు ఆ డబ్బు వృథాయే. కెమెరాతో ఇచ్చిన పుస్తకం చూసి, ఏ తరం కార్డు పడుతుందో రాసుకుని దుకాణానికి వెళ్ళండి. పాత బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దానిని ఛార్జింగ్‌కు పెట్టవద్దు.

కార్డు మీది గుర్తులు

కార్డు మీద పెద్ద అక్షరాలతో వేసే వేగం చాలావరకు కార్డులోంచి కంప్యూటర్‌కు చదివే గరిష్ఠ వేగం. మనకు కావలసింది కెమెరా నుంచి కార్డుకు రాసే కనీస వేగం. దానిని చిన్న గుర్తులే చెబుతాయి. గుండ్రని "సి" లోపల 10 ఉన్నా, "యు" లోపల 1 ఉన్నా సెకనుకు కనీసం 10 మెగాబైట్లు అని అర్థం. "యు" లోపల 3 ఉన్నా, "వి30" అని ఉన్నా కనీసం 30 మెగాబైట్లు. ఫొటోలకు మొదటి రకం చాలు. 4కె వీడియో తీసేవారు వి30 తీసుకోవాలి. అంతకంటే ఖరీదైనవి విద్యార్థులకు సాధారణంగా అవసరం ఉండదు.

ఎంత జాగా కావాలో లెక్క వేసుకోవచ్చు. 24 మెగాపిక్సెల్స్ జెపెగ్ ఫొటో ఒక్కొక్కటి సుమారు 10 మెగాబైట్లు అనుకుంటే 64 జి.బి. కార్డులో ఆరు వేల ఫొటోలు పడతాయి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసే 4కె వీడియో అయితే గంటన్నర లోపే నిండిపోతుంది. 128 జి.బి. కార్డు ఒకటి కొనే బదులు 64 జి.బి. కార్డులు రెండు కొనడం మేలు. ఒకటి పోయినా, చెడిపోయినా సగం యాత్ర అయినా చేతిలో మిగులుతుంది.

నకిలీ కార్డులతో జాగ్రత్త

మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. నకిలీ కార్డు లోపల నిజంగా 8 జి.బి. మాత్రమే ఉంటుంది. అయినా 64 జి.బి. ఉన్నట్టు కెమెరాకూ కంప్యూటర్‌కూ చెప్పేలా దానిని మార్చి ఉంచుతారు. మొదటి 8 జి.బి. వరకు అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ తర్వాత తీసిన ఫొటోలు ఎక్కడా నిలవవు, లేదా ముందు తీసినవాటినే చెరిపేస్తాయి. ఫైలు పేరు కనిపిస్తుంది, తెరవబోతే తెరుచుకోదు. ఈ సంగతి తెలిసేది ఇంటికి తిరిగి వచ్చిన తర్వాతనే.

అందువల్ల కార్డు కొన్న రోజే పరీక్షించండి. కార్డు మొత్తాన్ని నింపి, నింపినది సరిగ్గా ఉందో లేదో చదివి చూసే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. విండోస్‌కు హెచ్2టెస్ట్‌డబ్ల్యు, లినక్స్‌కు, మ్యాక్‌కు ఎఫ్3 పేరు పొందినవి. అవి లేకపోతే కార్డు నిండేవరకు పెద్ద వీడియో ఫైళ్ళు ఎక్కించి, కార్డును ఒకసారి తీసి మళ్ళీ పెట్టి, ప్రతి ఫైలూ చివరిదాకా నడుస్తుందో చూడండి. గంటో రెండు గంటలో పడుతుంది. వాపసు ఇచ్చే గడువు లోపలే ఈ పని పూర్తి చేయాలి. 64 జి.బి. కార్డును విండోస్ సుమారు 59 జి.బి.గా చూపితే అది మోసం కాదు. లెక్కించే పద్ధతిలోని తేడా వల్ల అలా కనిపిస్తుంది.

కొనేటప్పుడు

యాత్రాస్థలాల్లోని చిన్న బంకుల్లో కార్డు కొనవద్దు. ఇంటర్నెట్‌లో కొంటే, ఆ సైటు పేరు ఒక్కటే కాక నిజంగా అమ్ముతున్నవారు ఎవరో కూడా చూడండి. పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. అవి లేకుండా చవకగా ఇచ్చే కెమెరాకు మన దేశంలో వారంటీ దొరకకపోవచ్చు. పెట్టె మీద, కెమెరా మీద, బిల్లు మీద సీరియల్ నంబరు ఒకటేనా అని దుకాణంలోనే సరిచూసుకోండి.

మోసపోతే ఊరుకోనవసరం లేదు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, వస్తువు ఎక్కడి నుంచి వచ్చినా, కొన్నవారు తాము నివసించే లేదా ఉద్యోగం చేసే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అంటే ముంబై దుకాణం నుంచి తెప్పించుకున్న వస్తువు గురించి బరంపురంలో ఉన్నవారు బరంపురం ఉన్న గంజాం జిల్లాలోనే అడగవచ్చు. అంతకుముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. బిల్లు లేకపోతే ఇవన్నీ కష్టమవుతాయి కనుక బిల్లు తప్పక తీసుకోండి.

ప్రయాణంలో

* పాత ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న తర్వాత, బయలుదేరే ముందు కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.
* కెమెరా ఆపిన తర్వాతనే కార్డు తీయండి. తీసిన కార్డును చిల్లర డబ్బులతో కలిపి జేబులో వేయకుండా చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంచండి.
* ప్రతి రాత్రీ ఆనాటి ఫొటోలను లాప్‌టాప్‌లోకో, కార్డు రీడరు సాయంతో ఫోనులోకో ఎక్కించండి. ఎక్కాయని నాలుగు ఫొటోలు తెరిచి చూసేవరకు కార్డులోవి చెరపవద్దు.
* బయటి కంప్యూటర్‌లో పెట్టవలసి వస్తే కార్డు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపండి.
* కెమెరా సంచి, కార్డు పెట్టె వేరు వేరు చోట్ల ఉంచండి. సంచి పోయినా ఫొటోలు దక్కుతాయి.
* విమానంలో విడి బ్యాటరీలను చేతి సంచిలోనే పెట్టుకోవాలి. ఎక్స్‌రే తనిఖీ వల్ల మెమరీ కార్డుకు హాని లేదు.
* తిరుమల ఆలయంలోకి, పూరీ జగన్నాథ ఆలయంలోకి కెమెరా, ఫోను అనుమతించరు. ఇటువంటి చోట భద్రపరిచే కౌంటరులో ఇచ్చి రసీదు జాగ్రత్త చేసుకోండి.
* ఫొటోలు హఠాత్తుగా కనిపించకపోతే ఆ కార్డులో ఇంకొక్క ఫొటో కూడా తీయవద్దు, ఫార్మాట్ చేయవద్దు. కార్డు తీసి పక్కన పెట్టండి. పైన ఇంకేమీ రాయనంతవరకు కంప్యూటర్ ప్రోగ్రాములతో చాలాసార్లు తిరిగి రాబట్టవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట

కెమెరాకు ఇంత అని అనుకున్న డబ్బులోనే రెండు మంచి కార్డులు, ఒక విడి బ్యాటరీ, ఒక కార్డు రీడరు కూడా వచ్చేలా చూడండి. అందుకోసం కెమెరా రకంలో ఒక మెట్టు దిగవలసి వచ్చినా నష్టం లేదు. యాత్రకు కనీసం పది రోజుల ముందే కొని ఇస్తే, పిల్లలు ఇంటి దగ్గరే నాలుగు రోజులు తీసి చూసుకుంటారు, కార్డునూ పరీక్షించుకుంటారు. తిరిగి వచ్చిన తర్వాత ఫొటోలను కార్డులోనే వదిలేయకుండా రెండు చోట్ల దాచమని చెప్పండి. వాటిలో మంచివి పది ఎంచి ప్రింటు వేయించి, ఒక్కొక్కదాని వెనుక ఊరు, తేదీ, అందులో ఉన్నవారి పేర్లు పిల్లల చేతనే తెలుగులో రాయించండి.