కడుపులో కాపలా గాలి

‘గ్యాసు’ అనగానే మనవాళ్లు సోడా కోసం పంపిస్తారు. నేను చెప్పబోయేది ఆ గ్యాసు కాదు. మోటారు పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడే కడుపు గోడలో రవంత పుట్టి, కబురు మోస్తుంది. ఆ కబురందితే రక్తనాళాలు సడలుతాయి, జిగురు ఊరుతుంది. ఆమ్లం గోడను కాల్చదు. మరి ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుందా? జంతువులలో తగ్గించిన ప్రయోగాలూ ఉన్నాయి, పెంచినవీ ఉన్నాయి. తగువు తీరలేదు. రక్తనాళాలలో ఈ వాయువు వార్తాహరుడని తేల్చిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమానం వచ్చింది.

నాకు ముచ్చట గొలిపింది తోటకూర సంగతి. ఉమ్మిలోకి చేరిన దాని నైట్రేటును నాలుక మీది సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి. అది కడుపులో దిగి ఆమ్లంలో పడితే ఈ వాయువే పుడుతుంది. అలాగని డాక్టరును అడగకుండా మోకాళ్లనొప్పికి రోజూ ఆస్పిరిను మింగే బామ్మగారికి మనవి: ఆ మాత్ర గోడకున్న మరో కాపలాను, ప్రోస్టాగ్లాండిన్లను, తగ్గించివేస్తుంది. విరేచనం తారులా నల్లగా అయితే కావలసింది సోడా కాదు, డాక్టరుగారు.